‘ఈ బండికి పాలసీ రాదండీ’

సంపాదకులకు,

‘ఈ బండికి పాలసీ రాదండీ’ అని బీమా ఏజెంటు ఫోన్‌లో ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. ఎందుకు రాదో చెప్పడు. కారణం రాసిమ్మని అడగాలని ఓనరుకూ తోచదు. ఆ కారణాల్లో చాలావరకు సరిచేసుకోగలిగినవే.

మొదటిది గడువు. పాలసీ ముగిశాక రెన్యువల్ అడిగితే కంపెనీ ఇన్‌స్పెక్షన్ పెడుతుంది: నాలుగు వైపులా ఫొటోలు, ముందు అద్దం, ఓడోమీటర్, ఛాసిస్ నంబర్. అద్దం పగిలి ఉన్నా, బంపర్ ఊడి ఉన్నా అక్కడే ఆగిపోవచ్చు. పగిలింది మార్పించి మళ్లీ ఫొటోలు పంపితే చాలాసార్లు పని అవుతుంది, ఆ మాట మాత్రం ఎవరూ చెప్పరు. చిన్న సొట్టలైతే రాసుకుని, వాటికి తర్వాత క్లెయిమ్ ఇవ్వరు. గడువు ముగిసి 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ తీసుకోనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, కూడా పోతుంది. అయిదేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపి తెచ్చుకున్న 50 శాతం కాస్తా సున్నా అవుతుంది.

ఎక్కువ చిక్కులు సెకండ్ హ్యాండ్ కార్లతోనే. కొన్నవారు ఆర్‌సీ మార్పించుకుని, పాలసీని మాత్రం అమ్మినాయన పేరుమీదే వదిలేస్తారు. మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ కవర్ (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి) కొన్నవారికి దానంతటదే బదిలీ అవుతుంది. సొంత డ్యామేజీ కవర్ (మన బండికే జరిగే నష్టానికి) అలా రాదు. 14 రోజుల్లోగా కంపెనీకి రాసి పేరు మార్పించుకోవాలి. బోనస్ ఓనరుకు చెందేది గనుక, పాత ఓనరుకు ఇచ్చిన తగ్గింపు మేరకు తేడా కూడా కట్టాలి. ఇది ఎగ్గొడితే యాక్సిడెంట్ అయిన రోజున ఆర్‌సీలో ఒక పేరు, పాలసీలో ఇంకో పేరు కనబడతాయి.

కంపెనీ మారేటప్పుడు ఇంకో మెలిక. పోయినేడాది క్లెయిమ్ తీసుకున్నా, కొత్త ఫారంలో ‘క్లెయిమ్ లేదు’ దగ్గర టిక్ పడుతుంది. ప్రీమియం తగ్గించి చూపడానికి ఒక్కోసారి ఏజెంటే ఆ టిక్ పెడతాడు. జవాబుదారీ మాత్రం ఓనరే. కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగితే విషయం బయటపడుతుంది. సొంత కారని పాలసీ తీసుకుని అద్దెకు తిప్పడం, సీఎన్‌జీ కిట్ బిగించి చెప్పకపోవడం కూడా ఇలాంటివే.

నడుస్తున్న పాలసీని రద్దు చేయడం మాత్రం కంపెనీకి అంత తేలిక కాదు. 2024 జూన్‌లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, మోసం రుజువైతేనే, అదీ కనీసం 7 రోజుల నోటీసు ఇచ్చాకే రద్దు చేయాలి. చెక్కు బౌన్సయితే సంగతి వేరు. ప్రీమియం ముందుగా అందితేనే కంపెనీకి రిస్కు (బాధ్యత) మొదలవుతుందని 1938 బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్ చెబుతోంది.

వరసగా క్లెయిములు తీసుకున్న బండికీ, బాగా పాతబడ్డ బండికీ సొంత డ్యామేజీ కవర్ ఇవ్వాలా వద్దా అనేది కంపెనీ ఇష్టం. థర్డ్ పార్టీ అలా కాదు. చట్టమే తప్పనిసరి చేసిన పాలసీని బండి పాతదనే సాకుతో ఇవ్వననడం అన్యాయం. అలా అన్నప్పుడు ఏజెంటుతో వాదించి లాభం లేదు. కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టి కారణం రాతపూర్వకంగా అడగాలి. జవాబు రాకపోతే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. ప్రీమియం తీసుకుని పాలసీ ఇవ్వకపోయినా, క్లెయిమ్ తిరస్కరించినా బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికీ వెళ్లొచ్చు. ముందు కంపెనీకి రాసి నెల రోజులు ఆగాలి, తిరస్కరించిన ఏడాదిలోగా ఫిర్యాదు చేయాలి. రుసుము లేదు.

– ఒక మోటార్ బీమా సర్వేయర్