ఆరు గంటల నాటకానికి ఎనిమిదిన్నరకు తెర లేస్తే ఎలా?

సంపాదకుడు గారికి, నమస్కారం.

గత నెల రెండో శనివారం మావారూ నేనూ రాజమహేంద్రవరం వెళ్ళి ఒక రాత్రి ఉండి వచ్చాం. మా పెళ్ళయి 35 ఏళ్ళు నిండాయి. పిల్లలు హైదరాబాదు రమ్మన్నారు గానీ, మాకు మన గోదావరి గట్టే చాలనిపించింది. సాయంత్రం పద్యనాటకం, రాత్రి మంచి హోటల్లో భోజనం, మర్నాడు సాయంత్రానికి ఇంటికి. అదీ మా ప్లాను. ఆ నాటకం మొదలైన తీరు చూశాక మాలాంటి పల్లెటూరి ప్రేక్షకుల తరఫున నాలుగు మాటలు చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది అంబాజీపేట దగ్గర ఊరు. కొబ్బరితోట ఉంది. నేను స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అమలాపురానికి ఇప్పటికీ ప్యాసింజరు రైలు లేదు, కోటిపల్లి–నరసాపురం లైను ఇంకా పూర్తి కాలేదు. కాబట్టి మాకు ఎక్కడికి వెళ్ళాలన్నా బస్సే. రావులపాలెం మీదుగా జొన్నాడ వంతెన దాటి రాజమహేంద్రవరం చేరేసరికి దాదాపు రెండు గంటలు. ఆ దూరం మాకు కష్టమనిపించదు. నాటకమంటే మావారికి ప్రాణం. చిన్నప్పుడు తీర్థాల్లో తెల్లవార్లూ నాటకం చూసిన మనిషి ఆయన. ఆ రోజుల్లో ఎంత ఆలస్యంగా మొదలైనా ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. చాప చుట్టుకుని పక్క వీధికి నడిచి వెళ్ళిపోయేవాళ్ళం. ఇప్పుడు నాటకం చూడాలంటే నగరానికి రావాలి, తిరిగి వెళ్ళడానికి బస్సు దొరకాలి.

ఆహ్వాన పత్రంలో సాయంత్రం 6 గంటలకు అని అచ్చు వేశారు. ఆ మాట నమ్మి మేం గోదావరి హారతి చూడాలన్న కోరిక కూడా వదులుకుని 5.45కే హాల్లో కూర్చున్నాం. ఏడు దాటింది. ముఖ్య అతిథి దారిలో ఉన్నారని మైకులో చెప్పారు. 7.10కి వచ్చారు. జ్యోతి వెలిగించారు. ప్రార్థన, స్వాగతం, ఒకరి తర్వాత ఒకరు ప్రసంగాలు. తర్వాత తొమ్మిది మందికి సన్మానం. ఒక్కొక్కరికీ శాలువా, దండ, జ్ఞాపిక, ఫొటో, వాళ్ళ గురించి పరిచయం, మళ్ళీ వాళ్ళ స్పందన. తెర లేచేసరికి 8.25.

మా వెనక వరసలో కొత్తపేట నుంచి వచ్చిన ఇద్దరు పెద్దవాళ్ళు ఉన్నారు. తొమ్మిది కాగానే లేచారు. మావారు ఉండబట్టలేక, "అసలు సీను ఇంకా రానే లేదు కదండీ" అన్నారు. "ఏం చేస్తామండీ, ఈ బస్సు పోతే రాత్రి మొత్తం బెంచీ మీదే. రాయబారం చూద్దామనే వచ్చాం, చూడకుండానే పోతున్నాం" అన్నాడు అందులో పెద్దాయన. ఆ మనిషి గుమ్మం దగ్గర ఆగి ఒకసారి వెనక్కి తిరిగి స్టేజీ వైపు చూశాడు. తర్వాత పావుగంటలో హాల్లో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. అందరూ ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే.

కృష్ణుడు రాయబారానికి వచ్చే ఘట్టం పదిన్నరకు వచ్చింది. ఆ నటుడు గొంతెత్తి పద్యం అందుకుంటే హార్మోనిస్టు వేళ్ళు ఆయన రాగం వెంటే పరుగెత్తాయి. మావారి కళ్ళల్లో నీళ్ళు. పద్యం అయ్యాక "వన్స్ మోర్" అని పది గొంతులు కూడా లేవలేదు, అనాల్సిన వాళ్ళు బస్సుల్లో ఉన్నారు మరి. నాటకం అయ్యాక మేం లోపలికి వెళ్ళి ఆయనకు నమస్కారం పెట్టాం. అరవై దాటిన మనిషి. సాయంత్రం నాలుగున్నరకు మేకప్ వేసుకున్నారట. కిరీటం, భుజకీర్తులు, నగలతో ఆ ఉక్కలో నాలుగు గంటలు తెర వెనక ఎదురు చూశారు. వేదిక మీద ప్రసంగాలు వినపడుతుంటే మధ్యలో శ్రుతి చూసుకోవడం కూడా కుదరలేదన్నారు. ఎవరినీ తప్పు పట్టలేదు. "మాకు అలవాటేనమ్మా" అన్నారు. ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా భోజనం సంగతి కూడా చెప్పాలి. ఇది సొంత గోడులా ఉంటుందేమో అని తటపటాయించాను గానీ, ఇందులోనూ అందరికీ పనికొచ్చే విషయం ఉంది. ఒక మంచి హోటల్లో రెండు రోజుల ముందే ఫోన్ చేసి తొమ్మిదిన్నరకు టేబుల్ చెప్పి ఉంచాం. నాటకం మధ్యలో లేచి వెళ్ళాలా, భోజనం వదులుకోవాలా అని టెన్షన్. భోజనమే వదులుకున్నాం. పదకొండున్నరకు వంటగది మూసేశారు, అది వాళ్ళ తప్పు కాదు. గోదావరి గట్టు దారిలో ఒక బండి దగ్గర ఇడ్లీ తిని గదికి వెళ్ళాం. మర్నాడు మధ్యాహ్నం అదే హోటల్‌కి వెళ్ళాం. పనసపొట్టు ఆవ పెట్టిన కూర, బొమ్మిడాయిల పులుసు, చివర్లో పూతరేకు. ఒక్కొక్కటీ తీరిగ్గా తెచ్చి ఇద్దరికీ వడ్డించారు. 35 ఏళ్ళలో మావారూ నేనూ ఎదురెదురుగా కూర్చుని, మధ్యలో నేను వంటింట్లోకి లేవకుండా, మొదటి నుంచి చివరి దాకా కలిసి తిన్న భోజనం అది. అలాంటి భోజనం కోసం మళ్ళీ వస్తాం. గదికి 1,800, రెండు పూటల తిండికి మరో రెండు వేలు, నాకు ఒక చీర. మాలాంటి వాళ్ళు నెలకు వందమంది వచ్చినా నగరానికి అది చిన్న ఆదాయం కాదు. కానీ వేళకు మొదలవుతుందన్న నమ్మకం లేకపోతే ఎంతమంది వస్తారు? అందరూ గది తీసుకోలేరు కదా.

ఆరుబయట జరిగే కార్యక్రమాలకైతే ఇంకా అన్యాయం. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం, ప్రత్యేక అనుమతి లేకుండా రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు వాడకూడదు. మంచి నియమమే. అయితే పదింటికి మైకు కట్టేయాల్సి వచ్చినప్పుడు కోత పడేది ప్రసంగాలకు కాదు, అవి ముందే అయిపోయి ఉంటాయి. రెండేళ్ళ క్రితం ఒక వయొలిన్ కచేరీ అలాగే ముప్పావుగంటలో ముగిసిపోవడం నేను చూశాను. ఆ విద్వాంసురాలు ఎంతో దూరం నుంచి వచ్చింది.

సన్మానాలు వద్దని నేను అనడం లేదు. దాతలు లేకపోతే నాటకమే లేదు. ఉపాధ్యాయ దినోత్సవం నాడు నాకూ ఒకసారి శాలువా కప్పారు, ఇప్పటికీ బీరువాలో దాచుకున్నాను. కానీ ఆ రోజు మా పిల్లలు నాట్యం దుస్తుల్లో రెండు గంటలు ఎండలో నిలబడ్డారు. అది కూడా గుర్తుంది. సన్మానం విరామంలో చేయవచ్చు, చివర్లో చేయవచ్చు. అతిథి ఆలస్యమైతే ఆయన వచ్చినప్పుడు ముందు వరసలో కూర్చుని నాటకం చూస్తారు, అందులో చిన్నతనం ఏముంది? సినిమా హాల్లో ఆట ఎవరి కోసమూ ఆగదు. నాటక పరిషత్తు పోటీల్లో నాటికకు ఇంత సమయమని నిబంధన పెడితే నటులు దానికి కట్టుబడి ఆడుతున్నారు. నటులు పాటిస్తున్న ఆ క్రమశిక్షణ వేదిక మీద కూర్చునే పెద్దలు పాటించలేరా?

కందుకూరి వీరేశలింగం గారు పుట్టిన ఊరు ఇది. 1880లో ఆయన తన విద్యార్థులతో ఇక్కడే నాటకం ఆడించారు. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఈ ఊళ్ళోనే ప్రేక్షకుడు అసలు సీను చూడకుండా బస్సుకు పరుగెత్తాల్సి రావడం నాకు చాలా బాధగా ఉంది.

నిర్వాహకులను నేను కోరేది పెద్దదేమీ కాదు. ఆహ్వాన పత్రంలో నాటకం ఎన్నింటికి మొదలవుతుందో, ఎన్నింటికి ముగుస్తుందో రెండూ అచ్చు వేయండి. ఆ వేళకు తెర ఎత్తండి. ప్రభుత్వ సాయంతో జరిగే కార్యక్రమాలకైనా సాంస్కృతిక శాఖ ఈ షరతు పెట్టవచ్చు. అలాగే పెద్ద నాటకాలున్న శనివారాల్లో రాత్రి పదిన్నరకు రావులపాలెం మీదుగా అమలాపురానికి ఒక బస్సు, ద్వారపూడి మీదుగా మండపేట వైపు ఒకటి నడపమని రవాణా అధికారులను వేడుకుంటున్నాను. 2027లో పుష్కరాలు వస్తున్నాయి. అప్పుడు ఘాట్ల దగ్గర సాయంత్రాలు ఎన్నో కార్యక్రమాలు ఉంటాయి. ఈలోగానే ఈ అలవాటు పడితే బాగుంటుంది.

వచ్చే నెల మరో పద్యనాటకం ఉందని నిన్న మా ఊరికి కరపత్రం వచ్చింది. మావారు దాన్ని క్యాలెండరు పక్కన గోడకు అంటించారు. సాయంత్రం 6 గంటలకు అని ఉంది, ముగిసే వేళ లేదు. గది తీసుకోవాలో, బస్సుకు అందుకోగలమో నిర్వాహకులు మీ పత్రికలోనే తెలియజేస్తే మేం బయల్దేరుతాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
అంబాజీపేట మండలం, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా