సర్టిఫికెట్ కన్నా ముందు పాఠం చూడండి

సంపాదకుడు గారికి,

ఆర్యా,

విశ్వవిద్యాలయ అధ్యాపకులకు ఆన్‌లైన్ బోధనలో ఇస్తున్న శిక్షణ గురించి, డిగ్రీ విద్యార్థులకు చాలా కాలం గణితం చెప్పి పదవీ విరమణ చేసినవాడిగా కొన్ని విషయాలు విన్నవిస్తున్నాను.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు సిద్ధపడే వ్యవధి మాకెవరికీ లేదు. వంటింటి డబ్బాలు రెండింటి మధ్య ఫోను ఇరికించి, దాని కింద తెల్లకాగితం పెట్టి, ఇంటిగ్రేషన్ లెక్కలు చేసి చూపించాను. వారం తరువాత రాయదుర్గం వైపు విద్యార్థి ఒకడు ఫోన్ చేసి, "సార్, మీ చెయ్యి బాగా కనిపిస్తోంది గానీ లెక్కే కనిపించడం లేదు" అన్నాడు. నా పాఠాన్ని నేనే ఒక్కసారి చిన్న ఫోనులో చూసుకుని ఉంటే ఆ లోపం మొదటి రోజే తెలిసేది.

తరువాత ఐదు రోజుల ఆన్‌లైన్ శిక్షణ ఒకటి తీసుకున్నాను. క్విజ్ ఎలా పెట్టాలో, హాజరు ఎలా తీయాలో ఓపికగా చూపించారు. కానీ తెర మీద అరవై పేర్లు మౌనంగా ఉన్నప్పుడు ప్రశ్న ఎలా అడగాలో, సిగ్నల్ పోయి పది నిమిషాలకు తిరిగి వచ్చిన పిల్లవాడికి పాఠం ఎలా అందించాలో ఎవరూ ఎత్తలేదు. రెండేసి గంటలు స్లైడ్లు చదివారు, మేము మైకులు, కెమెరాలు కట్టేసి కూర్చున్నాము. ఒక రోజు మధ్యలో లేచి భోజనం కూడా చేసి వచ్చానని ఒప్పుకుంటాను. ఫీడ్‌బ్యాక్ ఫారం నింపగానే సర్టిఫికెట్ మెయిల్‌కు వచ్చింది.

తరగతులు మళ్లీ గదుల్లోనే జరుగుతున్నాయి గనుక ఈ గొడవ ఇప్పుడెందుకని కొందరు అడగవచ్చు. అయితే ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం' ద్వారా చదవడానికి విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2021 నిబంధనలు వీలు కల్పించాయి. ఆ వీడియోలు ఎక్కడో తయారైనా, ఇంగ్లీషు వివరణ దగ్గర ఆగిపోయిన ఉరవకొండ పిల్లకు తెలుగులో విడమరచి చెప్పవలసింది ఇక్కడి అధ్యాపకులే.

అధ్యాపక శిక్షణకు మాలవీయ మిషన్ పేరుతో 2023 నుంచి కేంద్ర కార్యక్రమం ఉంది. అందుకు తోడుగా శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాలు కలిసి ఒక చిన్న ఏర్పాటు చేసుకోవచ్చు. ప్రతి అధ్యాపకుడూ తన సబ్జెక్టులో పది నిమిషాల పాఠం రికార్డు చేయాలి, దానిని తోటి అధ్యాపకులు ఇద్దరు, విద్యార్థులు నలుగురు వైఫై లేకుండా మొబైల్ డేటాతో ఫోనులోనే చూసి అర్థం కానిచోటు చెప్పాలి, సరిదిద్ది మళ్లీ రికార్డు చేసిన తరువాతే సర్టిఫికెట్ ఇవ్వాలి. గెస్ట్ లెక్చరర్లను కూడా ఇందులో చేర్చుకుని, వాల్యుయేషన్ రోజుల్లో కాకుండా సెమిస్టర్ మొదలయ్యే ముందే ఈ శిక్షణ జరపాలని ఉపకులపతులను కోరుతున్నాను.

– విశ్రాంత గణిత అధ్యాపకుడు, అనంతపురం