పిట్టల ఫోటోలకు ఆరొందల లెన్సే కావాలా?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పక్షుల ఫోటోల మీద వేసిన వ్యాసం చదివాను. బొమ్మలు బ్రహ్మాండంగా ఉన్నాయి, వాటికి వంక పెట్టను. కానీ 600 ఎంఎం లెన్సు (దూరాన ఉన్నదాన్ని బాగా దగ్గరికి లాగే పెద్ద లెన్సు, ఈ అంకె ఎంత పెద్దదైతే అంత దగ్గరికి లాగుతుంది) లేనివాళ్ళు ఈ జోలికి రాకపోవడమే మంచిదన్నట్టు అందులో ఒక మాట ఉంది చూడండి, అది చదివి మా పక్కింటి కుర్రాడు, డిగ్రీ రెండో సంవత్సరం, వాళ్ళ నాన్న చేత ఈఎంఐ పెట్టించడానికి మర్నాడే తయారైపోయాడు. వాణ్ణి ఆపేసరికి నాకు ఒక సాయంత్రమంతా పట్టింది. వాడికి చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను, వీలైతే వేయండి.

నేను ఉండేది నాయుడుపేటలో. పక్షులు చేరే నేలపట్టు, పులికాట్ సరస్సు రెండూ దగ్గరే కాబట్టి తొమ్మిదేళ్ళుగా చలికాలం ఆదివారాలన్నీ అక్కడే గడుస్తున్నాయి. నా దగ్గర ఉన్నది పాత నికాన్ డీ7200 కెమెరా, దానికి 200-500 జూమ్ లెన్సు. అది కొనకముందు చేసిన తప్పులు మాత్రం చాలానే ఉన్నాయి.

ముందు ఒక చిన్న లెక్క. పక్షికి మనకీ మధ్య దూరం సగమైతే ఫోటోలో అది రెట్టింపు సైజులో పడుతుంది, ఉన్నచోటే ఉండి రెట్టింపు లెన్సు పెట్టినా అంతే. కరెంటు తీగ మీద పాలపిట్ట ముప్పై మీటర్ల దూరంలో ఉందనుకోండి, 600తో ఎంత వస్తుందో పదిహేను మీటర్లకు వెళ్ళి 300తో తీస్తే అంతే వస్తుంది. నడిచి వెళ్తే అది ఆగదనేది నిజమే, మనిషి ఆకారం కనబడగానే లేచిపోతుంది. కారులోనో ఆటోలోనో మెల్లగా వెళ్ళి ఆగితే మాత్రం చాలాసార్లు పట్టించుకోదు. అద్దం దించి, తలుపు అంచు మీద బియ్యం పోసి కుట్టిన గుడ్డసంచి పెట్టి, దాని మీద లెన్సు ఆనిస్తే చాలు. ఇంజను మాత్రం ఆపేయాలి, లేకపోతే ఆ వణుకంతా ఫోటోలోకి వస్తుంది. ఆ సంచికి నాకు అయిన ఖర్చు కిలో బియ్యం.

గుంటూరు దగ్గర ఉప్పలపాడు వెళ్ళినవాళ్ళకి ఇంకో సంగతి తెలుస్తుంది. అక్కడ పక్షులు ఊరి చెరువులోనే ఉంటాయి, మనుషులకు అలవాటు పడిపోయాయి. గూడబాతు (పెలికాన్) ముక్కు నుంచి తోక దాకా నాలుగడుగుల పైనే ఉంటుంది. అది ముప్పై మీటర్లలో ఉంటే నా కెమెరా లాంటి క్రాప్ సెన్సార్ (బొమ్మ పడే పలక చిన్నదిగా ఉండేది) మీద 300కే ఫ్రేములో సగం పైగా నిండిపోతుంది. అక్కడ 600 పెడితే ఏదో ఒకటి తెగుతుంది, ఇక రెక్కలు చాపిందంటే అసలు పట్టనే పట్టదు.

పులికాట్‌లో సంగతి దీనికి పూర్తిగా తిరగబడుతుంది. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డుకి రెండు పక్కలా సరస్సే. కొన్నేళ్ళ కింద జనవరి చివర్లో ఆటకానితిప్ప దగ్గర రోడ్డు పక్కన నిలబడి ఫ్లెమింగోలు తీశాను. టైము పదిన్నర అయింది, గుంపు నాలుగైదు వందల మీటర్ల అవతల ఉంది. మూడొందల ఫ్రేములు కొట్టాను. ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద చూస్తే ఒక్కదానికీ అంచు లేదు. కాళ్ళు నీళ్ళలో కరిగిపోతున్నట్టు వంకరగా ఉన్నాయి, మెడలు రెండేసి ఉన్నట్టు కనపడుతున్నాయి. లెన్సు పాడైందని టెన్షన్ పట్టుకుంది, చెన్నై తీసుకెళ్ళి చూపించాను, ఫోకస్ బాగానే ఉంది పొమ్మన్నారు. మళ్ళీ వారం అదే చోటుకి తెల్లారి ఆరున్నరకి వెళ్ళి అదే లెన్సుతో తీస్తే మెడ మీద ఈకలు విడివిడిగా వచ్చాయి! ఎండెక్కిన కొద్దీ బురద మీద, నీటి మీద వేడి గాలి పైకి లేస్తూ వణుకుతుంది, పెనం మీద గాలి వణికినట్టు. ఆ గాలిలోంచి 500 అయినా 800 అయినా చూసేది ఆ వణుకునే, పైగా లెన్సు పొడవు పెరిగితే వణుకు కూడా అంతే పెద్దదై కనపడుతుంది. ఈ ఒక్క ముక్క మీ వ్యాసంలో ఉండి ఉంటే బాగుండేది. (ఆ రోడ్డు మీద ఇంత లెన్సు పట్టుకుని నిలబడితే వచ్చిపోయే వాళ్ళందరూ అడిగేది ఒకటే, "రాకెట్ ఎన్నింటికి సార్?")

బరువు సంగతి. మా 200-500 ఒక్కటే 2.3 కిలోలు, కెమెరాతో కలిపి మూడు దాటుతుంది. షాపులో రెండు నిమిషాలు ఎత్తి చూసి "పర్లేదు, మోయగలం" అనుకుంటాం. అలా కాదు, రెండు లీటర్ల నీళ్ళ సీసా నిండా నింపి కంటి దగ్గర ఎత్తి పట్టుకుని పది నిమిషాలు నిలబడండి. అది చేతకాకపోతే మోనోపాడ్ (లెన్సు కింద పెట్టే ఒంటికాలి స్టాండు) ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి, లేదా చిన్న లెన్సు చూసుకోవాలి. కెనాన్ మిర్రర్‌లెస్ వాళ్ళకి ఆర్ఎఫ్ 100-400 ఉంది, 635 గ్రాములే. 400 దాకా లాగితే ఎఫ్8 అవుతుంది (ఎఫ్ నంబరు పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది) కాబట్టి చీకటిలో కష్టమే, కానీ ఎండలో చెరువుగట్ల మీద రోజంతా తిరిగేవాళ్ళకి నేనైతే అదే చెబుతాను. సోనీ 200-600, నికాన్ జెడ్ 180-600 మంచి లెన్సులు, జూమ్ చేసినా బయటికి సాగవు. అయితే రెండూ రెండు కిలోల సరుకే.

ఎఫ్ నంబరు గురించి షాపుల వాళ్ళు చాలా చెబుతారు. 5.6కీ 6.3కీ తేడా మూడో వంతు స్టాపు మాత్రమే (ఒక స్టాపు అంటే వెలుతురు సగమవడం), దానికోసం నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. 4కీ 5.6కీ మాత్రం వెలుతురు సరిగ్గా సగానికి సగం తేడా, అందుకే 600 ఎఫ్4 ముందు అద్దం ఆరంగుళాల వెడల్పుంటుంది, కొత్తది కొంటే పది లక్షలు దాటుతుంది. మనలాంటి వాళ్ళం పొద్దున్నే 6.3తో ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సార్ స్పందించే స్థాయి) 6400 దాకా లాగి, కాస్త గరుకు వచ్చినా ఓర్చుకోవాలి. గరుకు ఉన్న ఫోటోని తర్వాత కొంచెం బాగుచేయొచ్చు, షట్టర్ స్పీడు (షట్టర్ తెరిచి ఉండే సమయం) చాలక కదిలిన ఫోటోని ఎవరూ బాగుచేయలేరు. ఎగిరే పక్షికి నేను 1/1600 సెకను కంటే కిందికి దిగను. ఇక 1.4 టెలీకన్వర్టర్ (లెన్సుకీ కెమెరాకీ మధ్య పెట్టి బొమ్మని 1.4 రెట్లు పెంచేది) తగిలిస్తే ఒక స్టాపు వెలుతురు పోతుంది, 6.3 కాస్తా 9 అవుతుంది, అప్పుడు నా లాంటి పాత డీఎస్ఎల్ఆర్‌లకు ఫోకస్ దొరక్క అటూ ఇటూ తిరుగుతూ కూర్చుంటుంది.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు నా కథ వినండి. మొదట్లో పాత 300 ఒకటి, ఫోన్లో ఫోటోలు చూసి, డబ్బులు పంపి తెప్పించుకున్నాను. చూడ్డానికి పైపైన తళతళలాడుతూ ఉంది. నెల తర్వాత ఎదురెండలో తీస్తే ఫోటో అంతా పాలు పోసినట్టు వస్తోంది. అప్పుడు వెనక వైపు నుంచి సెల్ టార్చి వేసి ముందు నుంచి చూశాను, లోపలి అద్దం మీద సాలెగూడు లాంటి పోగులు, ఫంగస్. అమ్మినాయన ఫోను ఎత్తలేదు. మా లాంటి సముద్రం గాలి ఊళ్ళలో ఇది తొందరగా పడుతుంది. అందుకే చేత్తో పట్టుకుని, టార్చి వేసి చూడకుండా ఎవరికీ రూపాయి ఇవ్వకండి. కొన్నాక సిలికా జెల్ వేసి, గాలి చొరబడని డబ్బాలో పెట్టండి.

మరి 600 ఎవరికీ వద్దా అంటే, కావాలి. నేలపట్టులో నీటికడప చెట్ల మీద గూళ్ళు ఉన్నప్పుడు దగ్గరికి వెళ్ళకూడదు. తల్లి బెదిరి లేచిందంటే కాకులు గుడ్ల మీద పడతాయి, కన్ను తెరవని పిల్ల ఎండకి మాడిపోతుంది. పొడుగు లెన్సు అసలు పని అక్కడ, మనం దూరంగా ఉండిపోవడానికి. కానీ నేను చూసినంతలో పెద్ద లెన్సు ఉన్నవాళ్ళే ఇంకో నాలుగడుగులు ముందుకేస్తున్నారు, అడ్డమొచ్చిన కొమ్మ వంచుతున్నారు. మరి అంత డబ్బు పోసి కొన్నది ఎందుకో నాకైతే అర్థం కాదు.

మా పక్కింటి వాడు ఈఎంఐ మానుకున్నాడు. సీనియర్ దగ్గర పాత 70-300 తెచ్చుకుని చెరువుగట్టు పట్టాడు, రెండ్రోజులు పెద్ద లెన్సు అద్దెకు తెచ్చి చూశాకే కొనాలా వద్దా తేల్చుకుంటానంటున్నాడు. నిన్న రాత్రి వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. నత్తగుల్ల కొంగ, ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది కదా, ఆ సందులోంచి అవతలి నీళ్ళు మెరుస్తున్నాయి.

మీకు ఒక్క విన్నపం. ఇకపై పక్షుల ఫోటో వేసినప్పుడు కింద లెన్సు పేరుతో పాటు ఎంత దూరం నుంచి, ఎన్ని గంటలకి తీశారో కూడా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
నాయుడుపేట, తిరుపతి జిల్లా