మార్కర్ల డేటాబేస్‌లో విఫలమైనవీ నమోదు కావాలి

సంపాదకులకు,

మొక్కల జీనోమ్‌లలోని (మొత్తం డీఎన్ఏలోని) పునరావృత డీఎన్ఏ మార్కర్లను, అంటే వంగడాలను, గుణాలను పోల్చుకోవడానికి వాడే గుర్తులను, ఒకచోట చేర్చి ఆన్‌లైన్‌లో ఉంచే డేటాబేస్‌ల నిర్మాణంలో జరుగుతున్న ఒక లోపాన్ని మీ పత్రిక ద్వారా పాఠకుల దృష్టికి తేదలచాను.

డీఎన్ఏలో 1 నుంచి 6 అక్షరాల ముక్క, సీటీసీటీసీటీ అన్నట్టు, వెంటవెంటనే మళ్లీ మళ్లీ వచ్చే చోట్లను మైక్రోశాటిలైట్లు అంటారు. కణం నకలు తీసుకునే వేళ ఎంజైమ్ ఇక్కడ జారుతుంది కనుక ఆవృత్తుల సంఖ్య పెరగడమో తగ్గడమో జరిగి, ఒకే పంటకు చెందిన రెండు వంగడాలలో సైతం ఆ భాగం పొడవు వేరుగా ఉండవచ్చు. వంగడాన్ని పోల్చుకోవడానికి, కోరిన గుణానికి దగ్గరగా ఉన్న మార్కర్ సంకర సంతానంలోకి వచ్చిందో లేదో మొలక దశలోనే చూడడానికి ఈ తేడాయే ఆధారం. వరిలో వ్యాక్సీ జన్యువులోని సీటీ ఆవృత్తుల సంఖ్యకూ, అన్నం పొడిగా వస్తుందా జిగురుగా వస్తుందా అన్నది చాలావరకు నిర్ణయించే అమైలోజ్ శాతానికీ సంబంధం కనిపించింది.

ఇలాంటి చోట్లను వెతకడం ఇప్పుడు కష్టం కాదు. 2005లో ప్రచురితమైన వరి జీనోమ్‌లో పొడవైన మైక్రోశాటిలైట్లే 18,828 లెక్కతేలాయి. కష్టమంతా ఆ తరువాతిదే. కంప్యూటర్ సూచించిన ప్రైమర్ల జత (ఆ చోటుకు రెండు వైపులా అతుక్కొని దాని నకళ్లు తీయడానికి వీలు కల్పించే చిన్న డీఎన్ఏ ముక్కలు) ప్రయోగశాలలో పనిచేస్తుందన్న హామీ లేదు: గోధుమ జీనోమ్‌లో సుమారు 85 శాతం పునరావృత భాగమే కాక, మూడు ఉపజీనోమ్‌లు (వేర్వేరు పూర్వీక జాతుల నుంచి వచ్చిన, ఒకదానినొకటి పోలిన జీనోమ్‌లు) పక్కపక్కనే ఉండడం వల్ల ఒకే ప్రైమర్ మూడు చోట్ల అతుక్కోవచ్చు; సరైన చోటే అతుక్కున్నా, పరీక్షించిన వంగడాలన్నింటిలో పొడవు ఒకటే అయితే ఆ మార్కర్ వల్ల ప్రయోజనం ఉండదు. ఇలా విఫలమైనవి పరిశోధన పత్రాలలో అరుదుగా అచ్చవుతాయి కాబట్టి, మరో ప్రయోగశాలవారు అవే ప్రైమర్లను మళ్లీ కొని, అదే పరీక్ష చేసి, అదే ఫలితం చూస్తారు. ఒక డేటాబేస్‌ను నమ్మి నేనూ నెలల శ్రమ పోగొట్టుకున్నాను; ఆ ప్రైమర్లు అంతకుముందే వేరొకరి దగ్గర విఫలమయ్యాయని తరువాత తెలిసినప్పుడు కలిగిన బాధే ఈ లేఖ రాయించింది.

అందువల్ల ప్రతి మార్కర్ వద్ద దాని స్థానం, ప్రైమర్ల వరుస మాత్రమే కాక, ఏ వంగడాలపై పరీక్షించారు, పీసీఆర్‌లో (ప్రైమర్లతో డీఎన్ఏ భాగానికి నకళ్లు తీసే పద్ధతిలో) ఏ ఉష్ణోగ్రత వాడారు, ఎన్ని వేర్వేరు పొడవులు కనిపించాయి, అసలు ఫలితమే రాలేదా అన్నది తప్పక నమోదు చేయాలి. జీనోమ్‌ను సరిదిద్ది కొత్త కూర్పు వెలువరించినప్పుడల్లా స్థానాల సంఖ్యలు మారిపోతాయి గనుక ఏ కూర్పు ప్రకారం లెక్కించారో రాయకపోతే ఆ సంఖ్యకు అర్థమే లేదు. ప్రాజెక్టు నిధులు ముగిశాక సర్వర్ ఆగిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. కనుక మొత్తం సమాచారాన్ని ఎవరైనా ఒకేసారి దించుకొని దాచుకొనే వీలు మొదటి రోజునుంచే కల్పించాలని, ఇతర ప్రయోగశాలలు తమ విఫల ఫలితాలను పంపడానికి ఒక చిన్న ఫారం ఉంచాలని నిర్మాతలను కోరుతున్నాను.

భవదీయురాలు,
మొక్కల జన్యుశాస్త్ర పరిశోధకురాలు