వార్షిక నివేదిక 2024–25: హైస్కూలు పిల్లల ఇంగ్లిష్ పఠన కార్యక్రమాలు

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం. 2024 జూన్ నుంచి 2025 ఏప్రిల్ వరకు మన సంఘం చేసిన పనులను సభ ముందుంచుతున్నాను. ఆశయాల గురించి మళ్లీ చెప్పనక్కర్లేదు. మన మండలంలోని జిల్లా పరిషత్ హైస్కూళ్ల పిల్లలు ఇంగ్లిష్ పాఠాన్ని మార్కుల కోసమే కాక కథగా, నాటకంగా చదివి ఆనందించాలన్నదే మొదటి నుంచీ మన పట్టుదల.

ఈ ఏడాది పనంతా ‘గైడు మూసిన గంట’ అనే పఠన కార్యక్రమం చుట్టూ తిరిగింది. వారంలో ఒక సాయంత్రం, నాలుగో శనివారం నో బ్యాగ్ డే (పుస్తకాల సంచి లేకుండా బడికొచ్చే రోజు) వచ్చినప్పుడు మాత్రం పగటిపూటే, ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి వరకు పిల్లలను కూర్చోబెట్టి చదివించాం. పాఠం మొదటి నుంచి చివరి దాకా ఒకరు గట్టిగా చదవాలి. మధ్యలో ఆపి అర్థాలు బోర్డు మీద రాయకూడదు. ఆ గంటలో ప్రశ్నలు, జవాబులు ఉండవు. కథ మీద పిల్లలు తెలుగులో మాట్లాడితే అడ్డుపడకూడదు. ఈ చివరి నియమం మీద కొందరు సభ్యులు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. వారి మీద గౌరవంతోనే నా అభిప్రాయం చెబుతున్నాను: తెలుగులో వాదనకు దిగిన పిల్ల తన మాట నెగ్గించుకోవడానికి ఇంగ్లిష్ పేజీ మళ్లీ తిరగేస్తుంది. అది నేను కళ్లారా చూశాను.

ఏడాది మధ్యలో బడిలోనే పెట్టే ఫార్మేటివ్ పరీక్షల్లో పుస్తక సమీక్షకు మార్కులున్నాయని మీకు తెలుసు. ఆ సమీక్షలు ఎక్కణ్నుంచి వస్తున్నాయో కూడా తెలుసు. చదవని పుస్తకం మీద పిల్లలు గైడులోంచి, ఫోన్లోంచి ఎత్తి రాస్తున్నారు, బడి సంతకం పెడుతోంది. మన గంటలో సమీక్ష అడగలేదు. ‘ఎక్కడ విసుగొచ్చి ఆపేశావు, ఎందుకు?’ అని చీటీ రాయమన్నాం. ఆ చీటీలే మనకు పుస్తకాలు ఎంచుకోవడం నేర్పాయి. ఇంగ్లిష్ తేలికగా ఉంటుందని చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలు ఇస్తే తొమ్మిదో తరగతి మగపిల్లలు చిన్నబుచ్చుకున్నారు. భాష వాళ్లకు అందేలా ఉండాలి, సంగతి మాత్రం వాళ్ల వయసుకు తగినదై ఉండాలి. రస్కిన్ బాండ్ కథలూ పాత టింకిల్ కామిక్ సంచికలూ చేతులు మారి మారి అట్టలు ఊడిపోయాయి. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద బేరమాడి తెచ్చిన ఆ పుస్తకాలకు మళ్లీ అట్టలు వేయించాం.

పదో తరగతి వాచకం చివర్లో ‘వాట్ ఈజ్ మై నేమ్?’ అనే కథ ఉంది. పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’కు అది అనువాదం. పుస్తకం చివర ఉండడం వల్ల ఏటా స్పెషల్ క్లాసుల హడావిడిలో పడి, నాలుగు ముఖ్య ప్రశ్నలుగా మిగిలిపోతోంది. ఈసారి దాన్ని దసరా సెలవులు అయిన వెంటనే తీసుకుని, తెలుగు మూలం కూడా పక్కన పెట్టి చదివించాం. ఇల్లు అలుకుతూ తన పేరే మరిచిపోయిన ఇల్లాలు పుట్టింటికి వెళ్లి, చివరికి చిన్ననాటి స్నేహితురాలు ప్రమీల నోట ‘శారద’ అని విని తెప్పరిల్లుతుంది. బడిలో ఫస్టు వచ్చిన, బొమ్మలు వేసిన శారద ఆమె. చదివిన మర్నాడు ఒక అమ్మాయి తమ ఇంట్లో అమ్మ పేరు రేషన్ కార్డు మీద, పొదుపు సంఘం పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడదని రాసుకొచ్చింది. ఆ పేరా రాయమని ఎవరూ చెప్పలేదు. అందులో వ్యాకరణ దోషాలు ఉన్నాయి. దిద్దవద్దని టీచరుకు నేనే మనవి చేశాను.

ఇక నవంబరులో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా వేసిన నాటకం. సంఘం చరిత్రలో ఇంత నిండైన కార్యక్రమం జరగలేదని సంతోషంగా చెబుతున్నాను. వాచకంలోని ‘ది డియర్ డిపార్టెడ్’ను పిల్లలు పూర్తిగా ఇంగ్లిష్‌లోనే ఆడారు. స్టాన్లీ హౌటన్ రాసిన ఈ ఏకాంకిక 1908లో మాంచెస్టర్‌లో మొదట ప్రదర్శించారు. తండ్రి పోయాడనుకుని ఇద్దరు కూతుళ్లు సొరుగుల బల్ల కోసం, గడియారం కోసం కొట్లాడుకుంటుంటే ఆ ముసలాయన నిక్షేపంలా మెట్లు దిగి వస్తాడు. వీలునామా మార్చి రాస్తానంటాడు, పెళ్లి చేసుకుంటానంటాడు. ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి మన ఊరు! అయినా తండ్రిని వంతులవారీగా చూసుకోవడం మన ఊళ్లో ఎవరికి తెలియని సంగతి?

నాటకం కంటే రిహార్సల్సే నాకు ఎక్కువ తృప్తినిచ్చాయి. పెద్ద కూతురు అమీలియాకు తండ్రి పోయినందుకు కాస్తయినా దుఃఖం ఉందా లేదా అన్న దాని మీద పిల్లలు రెండు జట్లయ్యారు. లేదన్నవాళ్లు, చెల్లెలు వచ్చేలోగా బల్ల కిందికి దింపించి తలుపు గడియ పెట్టిన ఘట్టం చూపించారు. ఉందన్నవాళ్లు పేజీలన్నీ గాలించి ఒకటి రెండు మాటలు పట్టుకొచ్చారు. మామగారి కొత్త చెప్పులు తొడుక్కున్న హెన్రీ ఆశపోతా, భార్యకు భయపడే మనిషా అన్నది ఇంకో రెండు సాయంత్రాలు నడిచింది. గైడులో దీనికి ఒక్క వాక్యంలో జవాబుంది. దాని జోలికి ఎవరూ పోలేదు.

మన వేదికకు మెట్లు లేవు కాబట్టి తాత వేషం వేసిన కుర్రాడు దుప్పటి తెర వెనక నుంచి సాక్సులతో నింపాదిగా నడిచి వచ్చాడు. అంతే, జనం గొల్లుమన్నారు. ఇంగ్లిష్ ముక్క రాని పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. హెన్రీ కాళ్లకున్న చెప్పుల కేసి తాత చూసిన చూపు ఒక్కటి చాలు వాళ్లకు. ముందు వరసలో కూర్చున్న ఒక అవ్వ ‘గిదంత మా ఇంటి ముచ్చటే గదా బిడ్డా’ అని పైకే అనేసింది. ఆడినవాళ్లలో ఒక్కరూ డైలాగు తప్పలేదు. బట్టీ పట్టిన పాఠమైతే ఒక ముక్క మరిచిపోగానే ఆగిపోయేవాళ్లు. వీళ్లు మాత్రం ఎదుటివాళ్ల మాట విని దానికి బదులు చెప్పారు.

ఈ సందర్భంగా కృతజ్ఞతలు. గది ఇచ్చి, సాయంత్రాలు తాళం చెవి మన చేతిలో పెట్టిన ప్రధానోపాధ్యాయులకు. తమ పీరియడ్లు కూడా వదులుకున్న ఇంగ్లిష్, తెలుగు ఉపాధ్యాయులకు. బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల తల్లులకు. కుర్చీలు, మైకు ఉచితంగా పంపిన టెంట్ హౌస్ యజమానికి. నల్ల గౌన్లు కూలి తీసుకోకుండా కుట్టిన దర్జీ చెల్లెమ్మకు. తాతల నాటి గోడగడియారాన్ని, సొరుగుల బల్లను ధైర్యంగా మన చేతికిచ్చిన ఇద్దరు సభ్యులకు. ఆడపిల్లలను రిహార్సల్ తర్వాత ఇంటింటికీ దింపిన ఆటో అన్నకు. చాయ్, బిస్కెట్ల ఖర్చు పెట్టుకున్న పూర్వ విద్యార్థులకు పేరుపేరునా ధన్యవాదాలు. పేర్లన్నీ సభలో చదివి వినిపిస్తాను.

జమాఖర్చుల పట్టిక మీ చేతుల్లో ఉంది. ఆడిట్ సభ్యులు చూసి సంతకం చేశారు. పుస్తకాలకే ఎక్కువ ఖర్చయింది. చందా బాకీ ఉన్నవారు ఈ రోజే కోశాధికారి గారిని కలవాలని మనవి.

చెప్పక తప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. ఉగాది సమావేశంలో చదివిస్తామని చేతులెత్తినవారిలో చాలామంది గంటకు ఒక్కసారి కూడా రాలేదు. వాట్సాప్ గ్రూపులో బొటనవేలు గుర్తు పెడితే పిల్లలకు కథ చదివినట్లు కాదు. పుస్తకం పట్టుకుని వరండాలో ఎదురుచూసి, ఆఖరి బస్సు దాటిపోతుందని లేచి వెళ్లిన పిల్లలకు నేనేం చెప్పాలి? నాటకం రోజు ఫోటోల్లో మాత్రం అందరం ఉన్నాం. భారమంతా ఇద్దరు రిటైర్డ్ టీచర్ల మీదే పడింది, వారిలో ఒకరికి ఆరోగ్యం అంతంత మాత్రం.

గ్రంథాలయానికి కాస్త ఇంగ్లిష్ బాలసాహిత్యం కావాలని అర్జీలు పెట్టుకున్నాం. ఇంటిపన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మనమే కడుతున్నాం. అడిగింది మన హక్కే. సంబంధిత కార్యాలయంలో ‘ఫైలు నడుస్తోంది’ అన్న మాట తప్ప ఏమీ దొరకలేదు. నాటకానికి వస్తామన్న అధికారులూ రాలేదు. వారి కోసం వేసిన కుర్చీల్లో పిల్లలనే కూర్చోబెట్టి సమయానికి మొదలుపెట్టించాను.

జనవరి నుంచి స్పెషల్ క్లాసుల వల్ల పదో తరగతికి గంట ఆగిపోయింది. మార్చి 21న పరీక్షలు మొదలయ్యే దాకా వాళ్లను కదిలించలేకపోయాం. ఎనిమిది, తొమ్మిది తరగతులు మాత్రం ఏప్రిల్ వరకు సాగాయి. వచ్చే ఏడాది పదోవారికి జూన్ నుంచే మొదలుపెట్టాలని, మన మండలపు గురుకుల బాలికలను కూడా కలుపుకోవాలని కార్యవర్గం తీర్మానించింది. నాటకం కూడా అప్పుడు తొమ్మిదో తరగతి వేస్తుంది. ఏది వేయాలో వాళ్లే చదివి తేల్చుకుంటారు.

చదివించే వారి పట్టీ కొత్తగా రాస్తున్నాం. పేరు పక్కన వారం, బడి, ఫోన్ నంబరు వేయాలి. రాలేని వారం ముందురోజే తెలియజేయాలి. పట్టీ కోశాధికారి గారి బల్ల మీద ఉంది. నివేదికను ఆమోదించి, కార్యవర్గ ఎన్నిక చేపట్టవలసిందిగా సభను కోరుతున్నాను.

– కార్యదర్శి