హుండీ వేరు, మాన్యం వేరు

సంపాదకులకు నమస్కారం.

నేను టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో ఎమ్మెస్ చేశాను. మా అమ్మాయి ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌లో చదువుతోంది. ఈ మాట టెక్సస్‌లో ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, తర్వాత నా మీద జాలిపడతారు. 1894 నుంచి అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో ఢీ అంటే ఢీ అంటున్న యూనివర్సిటీలు ఇవి. ఏ అండ్ ఎమ్ 2012లో లీగ్ మారిపోవడంతో ఈ పోటీ ఆగిపోయింది. ఆస్టిన్ కూడా అదే లీగ్‌లో చేరాక 2024 నవంబర్ 30న మా స్టేడియంలోనే మళ్లీ మొదలైంది. 17-7తో ఓడిపోయాం. ఆ రాత్రి మా అమ్మాయి ఫోన్ చేసి, ఒక్క ముక్క మాట్లాడకుండా నవ్వి పెట్టేసింది.

ఆట తిరిగి మొదలయ్యాక ఇక్కడి తెలుగువాళ్ల విందుల్లో ఇంకో పోటీ నడుస్తోంది. విరాళాలు చూసుకునే ఫౌండేషన్లలో ఎవరి దాని దగ్గర ఎక్కువ డబ్బుంది, ఎవరి పూర్వ విద్యార్థులు ఎక్కువ ఇస్తారు అని. ఇలాంటి లెక్కలే మన పత్రికల్లోనూ అప్పుడప్పుడు కనిపిస్తాయి. అమెరికా వర్సిటీల వేల కోట్లు ఒక పక్క, ఆంధ్రా, ఉస్మానియా వర్సిటీలు ఇంకో పక్క పెట్టి, మన పూర్వ విద్యార్థులకు చేతులు రావని తేల్చేస్తారు. ఆ లెక్క కట్టే పద్ధతి గురించే ఈ ఉత్తరం.

ఒక గుడికి హుండీ ఉంటుంది, మాన్యం ఉంటుంది. హుండీలో భక్తులు వేస్తారు. మాన్యం ఏనాటి రాజో రాసిచ్చిన భూమి. మాన్యం మీద వచ్చే కౌలు కూడా కలిపేసి ఆ ఊరి భక్తులు ఎంత ఉదారులో అని ఎవరైనా అంటే మనం ఒప్పుకోం. టెక్సస్ విషయంలో జరుగుతున్నది అదే. అక్కడి మాన్యం పేరు పర్మనెంట్ యూనివర్సిటీ ఫండ్. 1876 నాటి రాష్ట్ర రాజ్యాంగంలోనే దానికి పునాది పడింది. పశ్చిమ టెక్సస్‌లో ఇప్పుడు దాని కింద ఉన్న భూమి సుమారు 21 లక్షల ఎకరాలు. మొదట్లో పశువుల మేతకి కౌలుకివ్వడం తప్ప ఎందుకూ పనికిరాదనుకున్న నేల. 1923 మేలో శాంటా రీటా నంబర్ 1 అనే బావిలో చమురు ఎగజిమ్మింది. అసాధ్యమైన కోరికలు తీర్చే సెయింట్ పేరు పెట్టారు ఆ బావికి! అప్పటినుంచి ఆ భూమి నుంచి వచ్చే ఆదాయం పెట్టుబడిగా పెరుగుతోంది. రాబడిలో మూడింట రెండు వంతులు యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ వ్యవస్థకి, ఒక వంతు ఏ అండ్ ఎమ్ వ్యవస్థకి. ఇందులో ఏ పూర్వ విద్యార్థీ ఒక్క డాలరు ఇవ్వలేదు. ఇంకో తమాషా ఏమిటంటే, ఈ ఇద్దరి చమురు డబ్బునీ మదుపు పెట్టేది ఆస్టిన్‌లో ఉన్న ఒకే సంస్థ, 1996లో పెట్టిన యుటిమ్కో. మైదానంలో కొట్టుకునేవాళ్ల పద్దు ఒకే గుమాస్తా రాస్తున్నాడన్నమాట.

మాన్యంలో వాటా లేని యూనివర్సిటీల సంగతి మనవాళ్లకు ఇంకా దగ్గరది. మన పిల్లలు వందలకొద్దీ చేరే డెంటన్‌లోని నార్త్ టెక్సస్‌కి, హ్యూస్టన్ యూనివర్సిటీకి ఆ నిధి నుంచి ఏమీ రాదు. టెక్సస్ టెక్, టెక్సస్ స్టేట్‌లతో పాటు వాటికీ వేరే నిధి కావాలని 2023 నవంబర్‌లో ఓటర్లు తీర్పిస్తే గాని టెక్సస్ యూనివర్సిటీ ఫండ్ పుట్టలేదు. అంతవరకూ వాళ్ల నిధులు తక్కువగా కనిపించాయంటే అది వాళ్ల పూర్వ విద్యార్థుల పిసినారితనం కాదు.

ఇక అసలు విరాళాలు. ఏ అండ్ ఎమ్‌కి ఇచ్చే డబ్బు ముఖ్యంగా మూడు వేరువేరు సంస్థలకు వెళుతుంది. పెద్ద విరాళాలు, శాశ్వత స్కాలర్‌షిప్ నిధులు ఏ అండ్ ఎమ్ ఫౌండేషన్‌కి. నాలాంటి చిన్న చేతులు ఏటా పంపేది ఎక్కువగా అసోసియేషన్ ఆఫ్ ఫార్మర్ స్టూడెంట్స్‌కి. ఆటలకు ఇచ్చేది ట్వెల్త్ మ్యాన్ ఫౌండేషన్‌కి. ఆస్టిన్‌లో అలా కాదు. ఆటల విరాళాలు చూసే లాంగ్‌హార్న్ ఫౌండేషన్, పేరుకి ఫౌండేషనే గాని, యూనివర్సిటీ క్రీడా విభాగంలో భాగం. పూర్వ విద్యార్థుల సంఘం టెక్సస్ ఎక్సెస్ 1885 నుంచీ విడిగా ఉంది. మిగతా డబ్బు చాలావరకు నేరుగా యూనివర్సిటీకే చేరుతుంది. లాభాపేక్ష లేని సంస్థలు ఏటా అమెరికా ఆదాయపన్ను శాఖకి దాఖలు చేసే ఫారం 990 ఎవరైనా చూడొచ్చు. అందులో ఏ అండ్ ఎమ్ సంస్థల ఆస్తులు చక్కగా కనిపిస్తాయి. ఆస్టిన్ యూనివర్సిటీ ప్రభుత్వ సంస్థ కాబట్టి ఆ ఫారమే దాఖలు చేయదు. ఇది తెలియకుండా రెండు ఫౌండేషన్లను పక్కపక్కన పెడితే ఆస్టిన్ వాళ్లు చిల్లిగవ్వ ఇవ్వనట్టు తేలుతుంది. మా వాళ్లకు ఆ లెక్క వినసొంపుగానే ఉంటుంది, నిజం కాదంతే.

ఆటల విరాళం అనే మాటకే ఇంకో మెలిక ఉంది. మన దగ్గర డొనేషన్ అంటే కాలేజీలో సీటుకి కట్టేది. అమెరికాలో స్టేడియంలో సీటుకి కట్టేది. మంచి చోట సీజన్ టికెట్ కొనుక్కునే అర్హత రావాలంటే ఏటా ఇంత విరాళం ఇవ్వాలి, టికెట్ ధర మళ్లీ వేరే. అలా కట్టినదాంట్లో 80 శాతం మీద 2017 దాకా ఆదాయపన్ను మినహాయింపు కూడా ఉండేది. ఆ ఏడాది చట్టం మార్చి 2018 నుంచి తీసేశారు. నా దృష్టిలో ఆలస్యంగా చేసిన మంచి పని. లక్షమంది పట్టే స్టేడియంలో మైదానం మధ్యకి దగ్గరగా, నలభై గజాల గీత పక్కన కూర్చోవడానికి ఇచ్చినదాన్ని, పేద విద్యార్థి ఫీజుకి ఇచ్చినదాన్ని ఒకే గాటన కట్టి మొత్తం విరాళాలు ఇన్ని అని చెప్పుకోవడం నాకెప్పుడూ మింగుడుపడలేదు.

ఆ డబ్బు ఎటు పోతుందో 2023లో మాకు బాగా తెలిసొచ్చింది. ఆ నవంబర్‌లో ఏ అండ్ ఎమ్ తన ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ని తీసేసింది. ఒప్పందం 2031 దాకా ఉంది. పని చేయకపోయినా ఇవ్వాల్సింది సుమారు 7.6 కోట్ల డాలర్లు, అప్పటి రేటున ఆరు వందల కోట్ల రూపాయలకు పైమాటే. మొదటి విడత దాదాపు 1.9 కోట్ల డాలర్లు ట్వెల్త్ మ్యాన్ ఫౌండేషన్ దగ్గరున్న, ఫలానా పనికని దాతలు ముడిపెట్టని విరాళాల నుంచి కడతామని, మిగతాది క్రీడా విభాగం భరిస్తుందని యూనివర్సిటీ చెప్పింది. చదువుల డబ్బు ముట్టుకోలేదు, నిజమే. ముట్టుకోకుండా ఆపింది కూడా ఆ మూడు వేరువేరు పెట్టెల ఏర్పాటే. అయినా దాతలు ఒక మనిషిని ఇంట్లో కూర్చోబెట్టడానికి డబ్బిచ్చారంటే ఆ రోజు మా ఆఫీసులో తలెత్తుకోలేకపోయాను. ఆస్టిన్ వాళ్లు ఇద్దరున్నారు మా ఫ్లోర్‌లో.

గెలిస్తేనే విరాళాలు వస్తాయన్నది కూడా సగం నిజమే. 2012లో మా జట్టు ఆటని నడిపించే క్వార్టర్‌బ్యాక్ మాంజియెల్, కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచినప్పుడు విరాళాలు ఎగబాకిన మాట వాస్తవం. కానీ ఏ అండ్ ఎమ్ 400 కోట్ల డాలర్ల లక్ష్యంతో 2012లో మొదలుపెట్టి 2020 చివర్లో ముగించిన విరాళాల ఉద్యమం లక్ష్యాన్ని దాటి 425 కోట్లకు చేరింది. ఆ తొమ్మిదేళ్లలో ఆస్టిన్‌తో ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా లేదు. మరి ఎందుకిచ్చారు? నాకు తెలిసి ఏటా ఏప్రిల్ 21న జరిగే మస్టర్ అనే సంస్మరణ సభకి వెళితే సగం అర్థమవుతుంది. ఆ ఏడాది పోయిన పూర్వ విద్యార్థుల పేర్లు ఒక్కొక్కటే చదువుతారు. ప్రతి పేరుకీ బంధువో స్నేహితుడో లేచి 'హియర్' అంటారు. 'పూర్వ విద్యార్థి' అని కూడా ఊరికే అనరు. డిగ్రీ పూర్తి చేయనివాడైనా అక్కడ ఫార్మర్ స్టూడెంటే. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఎవరూ విరాళం అడగలేదు. మర్నాడు నేనే పాతిక డాలర్లు పంపాను.

ఇప్పుడు మన సంగతి. మనవాళ్లకు చేతులు రావన్నది అబద్ధం. బాపట్లలో పుట్టిన కృష్ణా చివుకుల 2024లో, తాను 1970లో ఎంటెక్ చేసిన ఐఐటీ మద్రాసుకి 228 కోట్ల రూపాయలు ఇచ్చారు. ఫెలోషిప్‌లు, పరిశోధన గ్రాంట్లు అంటూ పనులకు పేరు పెట్టి మరీ ఇచ్చారు.

మా బ్యాచ్ కథ వేరు. నేను బీటెక్ చదివిన కాలేజీలో, పేరెందుకు లెండి, నీటి పరీక్షల ల్యాబ్ కోసం అందరం కలిసి డబ్బు పంపాం. రసీదు వచ్చింది, శాలువా కప్పిన ఫొటో వచ్చింది. రెండేళ్ల తర్వాత సంక్రాంతికి వెళితే ల్యాబ్ గదికి తాళం. మీ డబ్బుతోనే కొత్త ఆర్చి కట్టామని అటెండరు సంతోషంగా చూపించాడు. ఆర్చి బాగానే ఉంది. తప్పు వాళ్లదే అనలేను. ల్యాబ్‌కే వాడాలని మేమెక్కడా కాగితం మీద పెట్టలేదు, లెక్క చూపించమని ఒక్క ఉత్తరం రాయలేదు. మళ్లీ అడిగితే మా బ్యాచ్‌లో ఒక్కరూ పైసా ఇవ్వరు. పాతిక డాలర్లతో మొదలైనవాడిని ఏటా ఇచ్చేలా చేసింది ఏమిటో, ఇక్కడ నలభైమందిని ఒక్కసారితో ఆపేసింది ఏమిటో నాకు ఆ తాళం ముందు తెలిసింది.

కాబట్టి మీకు నా విన్నపం. ఈసారి ఇలాంటి పోలిక అచ్చువేసేటప్పుడు మొత్తం అంకె ఒక్కటే వేయకండి. అందులో మాన్యం ఎంత, ఆటల సీట్ల డబ్బు ఎంత, చదువుకి పేరుపెట్టి ఇచ్చింది ఎంత, ఎంతమంది ఇచ్చారు అన్నవి విడదీసి రాయండి. మన యూనివర్సిటీల పూర్వ విద్యార్థుల సంఘాలను కూడా అవే ప్రశ్నలు అడగండి. ఎవరు ఎంతిచ్చారో ఫ్లెక్సీల మీద ఎలాగూ వేస్తారు. ఆ డబ్బు ఏ పనికి ఖర్చయిందో ఏటా ఆడిట్ చేయించి నోటీసు బోర్డులో పెట్టే సంఘాలు ఏవో మీ విలేకరులు తిరిగి రాస్తే, మా బ్యాచ్ వాళ్లకు ఆ పేజీ నేనే పంపిస్తాను.

భవదీయుడు,
ఒక ఫార్మర్ స్టూడెంట్,
హ్యూస్టన్