పాలు లేని మసాలా కాఫీకి ఒక్క వాక్యం చాలదు

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం వంటల పేజీలో పాలు లేని మసాలా కాఫీ గురించి రాశారు. పాలకు బదులు ఏవైనా గింజల పాలు పోసుకోవచ్చని ఒక్క వాక్యంలో ముగించారు. మా అమ్మాయికి పాల అలర్జీ. ఇంట్లో తన కాఫీ కలిపేది నేనే. ఆ వాక్యం నమ్మి పొయ్యి వెలిగించే వాళ్ల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను.

‘ఏవైనా’ అన్నచోటే చిక్కు. కాఫీలో సహజంగానే కొంత పులుపు ఉంటుంది. ఆ పులుపూ వేడీ ఒక్కసారిగా తగిలితే సోయా, బాదం పాలలోని ప్రొటీన్ ముద్ద కడుతుంది. కప్పులో విరుగుడు తేలేసరికి పాలు పాడయ్యాయని పారబోస్తారు. అవి పాడైనవి కావు, విరిగినవి అంతే. ఇంట్లో తీసిన ఓట్స్ పాలైతే వేడికి జిగురు జిగురుగా అవుతాయి. కొబ్బరి పాలు చిక్కగానే ఉంటాయి కానీ కాఫీ వాసన మీద తమ వాసన రుద్దుతాయి.

నాకు నచ్చింది జీడిపప్పే. బాగా నలుగుతుంది కాబట్టి పిప్పి తీసేసే పని ఉండదు. కొవ్వూ పిండీ పాలలోనే ఉండిపోతాయి, చిక్కదనం వచ్చేది వాటి వల్లే. రెండు కప్పుల కాఫీకి పావు కప్పు వేయించని పప్పు చాలు. వేడినీళ్లలో అరగంట నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ముందు రెండు మూడు చెంచాల నీళ్లతోనే మిక్సీలో వెన్నలా అయ్యేదాకా తిప్పాలి. మొదటే నీళ్లన్నీ పోస్తే పలుకులు మిగిలిపోతాయి. మెత్తబడ్డాక ఒకటిన్నర కప్పు నీళ్లు పోసి మళ్లీ తిప్పాలి.

ఇక మసాలా. అంగుళం దాల్చినచెక్క, చితక్కొట్టిన యాలకులు రెండు, చిటికెడు శొంఠి. వీటి సువాసన నీళ్లలోకంటే కొవ్వులో బాగా దిగుతుంది. అందుకే డికాక్షన్‌లో కాకుండా జీడిపప్పు పాలలోనే వేసి, సన్నని సెగ మీద ఐదారు నిమిషాలు కలుపుతూ కాచాలి. కలపడం ఆపితే అడుగంటుతుంది. దాల్చినచెక్క పొడి మాత్రం వద్దు. అది కరగదు, జిగురుగా అడుగున చేరుతుంది.

కాచాక వడకట్టి, ఆ వేడి పాలలోకి డికాక్షన్‌ను సన్నని ధారగా పోయాలి. డికాక్షన్‌లోకి పాలు పోయకూడదు. పాలలోకి కొంచెం కొంచెంగా వెళ్తే పులుపు ఎక్కడికక్కడ పలచబడుతుంది, విరిగే భయం తగ్గుతుంది. బాగా నల్లగా వేయించిన గింజల పొడిలో పులుపు తక్కువ కాబట్టి దానితో ఇంకా నిశ్చింత. పంచదార మీ ఇష్టం.

నాకు అసలు బాధ కలిగించింది మీ చివరి సలహా. తీరిక లేనివాళ్లు పాలకు బదులు కాఫీలో ‘నాన్ డెయిరీ’ క్రీమర్ పొడి కలుపుకోవచ్చన్నారు. దయచేసి ఆ మాట సరిదిద్దండి. అలాంటి చాలా పొడుల్లో సోడియం కేసినేట్ ఉంటుంది. అది పాల నుంచి తీసిన ప్రొటీనే. పాలు అరగని వాళ్లకు పడనిది లాక్టోజ్ అనే చక్కెర. వాళ్లకు కడుపు ఉబ్బరం, విరేచనాలు వస్తాయి. మా అమ్మాయిలాంటి వాళ్లకు పడనిది ఆ ప్రొటీనే. దద్దుర్లతో మొదలై ఊపిరి ఆడని స్థితి దాకా వెళ్లొచ్చు. ఈ రెండూ ఒకటే అనుకుని ఎవరో ప్రేమగా కలిపి ఇచ్చిన కప్పు ప్రాణం మీదికి తెస్తుందేమోనన్న టెన్షన్ మాకు ఎప్పుడూ ఉంటుంది. బయట ఏది కొన్నా డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివాకే మా అమ్మాయి మూత తీస్తుంది.

జీడిపప్పు పడని వాళ్లూ ఉంటారు కాబట్టి అతిథులకు ఇచ్చే ముందు అడగాలి. ఇంట్లో తీసిన ఈ పాలలో కాల్షియం ఆవు పాలలో ఉన్నంత ఉండదు. కాఫీకి బాగుంటాయి కదా అని పసిపిల్లలకు పాలకు బదులుగా పట్టకూడదు.

ఇకమీదట ‘పాలు లేని’ అని ఏ వంటకం వేసినా, అది పాలు అరగని వాళ్లకా, అలర్జీ ఉన్నవాళ్లకు కూడానా అన్నది పక్కనే రాయమని నా మనవి. వచ్చే ఆదివారం ఆ పొడి సంగతి మాత్రం తప్పకుండా సవరించండి.

ఇట్లు,
మీ పాఠకురాలు